చిటికెన వేలి మందం

కుండలు కాల్చే ఆవం తలుపుకు అడ్డంగా పేర్చిన ఇటుకలు ఒక్కొక్కటే ఊడదీస్తున్నప్పుడే, మంట చూసుకునే ఆవం బాబాయి ముఖం చూసి షెడ్డు యజమానురాలి మేనకోడలికి సంగతి అర్థమైపోయింది. కుండలు బాగా కాలిన రోజున ఆయన నోటికి తాళం ఉండదు. షెడ్డులో ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ కలిపి ఆటపట్టిస్తాడు. ఈసారి మూతి బిగించుకుని, ఒక్కో బేసిన్ను పసిగుడ్డును అందించినట్టు రెండు చేతులతో అందిస్తున్నాడు. ఆయన అంత మర్యాదగా ఉన్నాడంటే వ్యవహారం చెడిందన్నమాటే.

"చెప్పెయ్ బాబాయ్, నావి ఎన్ని పోయాయి?" అంది.

"ఎన్ని మిగిలాయో అడుగు తల్లీ, తొందరగా తేలిపోతుంది," అన్నాడాయన.

పగులు ఎక్కడో అంచు దగ్గర కాదు. నట్టనడుమ, అడుగులో, వంకర టింకరగా పాకిన గీత. అన్నిటికీ అక్కడే. అదే మంటలో కాలిన కూజాలు, గ్లాసులు, మూతలు నిక్షేపంగా బయటికొచ్చాయి. మట్టి కూడా అందరిదీ ఒకటే. తప్పు దేనిమీదికైనా నెట్టేద్దామన్నా సందు లేదు.

ఆ షెడ్డు మేనత్తది. ఆవిడ పేరు చెబితే ఎవరికీ గుర్తురాకపోవచ్చు గానీ, ఆవిడ చేసే వెడల్పాటి బేసిన్లు తెలియని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. బల్ల మీద పెడితే కదలవు, ఊగవు, అరచేత్తో తడితే గట్టిగా పలుకుతాయి. షెడ్డులో కుండలు చేసే సారెలు రెండు. తలుపు పక్కన ఉన్న మోటారు సారె అల్లుడిది. అంటే అత్త కూతురి మొగుడిది. అత్తకు అల్లుడు కాబట్టి, మట్టి లారీ డ్రైవరు దాకా అందరికీ ఆయన అల్లుడే అయిపోయాడు. ఆయనకూ ఆ పిలుపు బాగానే ఒంటబట్టింది. ఇక రెండోది కిటికీ కింద ఉన్న పాత సారె. కాలితో తన్ని తిప్పాలి. పైన మందపాటి చెక్క పళ్ళెం. అత్త తన వయసంతా దాని ముందే గడిపింది.

మణికట్లు వాచిపోయి, డాక్టరు ఇక సారె ముట్టుకోవద్దని చెప్పాక, ఆ చోటు మేనకోడలికి వచ్చింది. అంతకు ముందు ఆమె టైలరు దగ్గర బొత్తాలు కుట్టేది. పొద్దస్తమానం ఆ బొత్తం రంధ్రాల్లోకి చూసి చూసి విసిగిపోయి, అత్త దగ్గరికి వచ్చి, నాకు మట్టి నేర్పమని అడిగింది. అత్త కాదనలేదు. తమ్ముడి కూతురు, పైగా మొండిఘటం. మట్టికి మొండితనం పనికొస్తుందనుకుంది. అత్త సొంత కూతురు, అంటే ఈమెకు వదిన, షెడ్డులోనే ఉంటుంది గానీ కూజాలకు పిడులు అతికించడం తప్ప ఇంకో పని చెయ్యదు. పాత సారె వైపు తలెత్తి కూడా చూడదు. మట్టి చక్రాలంటే నాకు పడదు అంటుంది.

బేసిన్ల విషయంలో అత్తది ఒకటే శాసనం. అడుగు చిటికెన వేలి మందం ఉండాలి. అంతకు తగ్గితే పగులుతుంది, పెరిగితే ఎత్తలేక చస్తారు. చాలా చోట్ల అడుగు ముందు దండిగా వదిలి, కాస్త ఆరాక బోర్లించి, కత్తితో చెక్కి సరిచేసుకుంటారు. అత్తకు ఆ పద్ధతంటే ఒళ్ళుమంట. "చెక్కడానికి మనమేమన్నా వడ్రంగులమా? అడుగు సారె మీదే తేలిపోవాలి," అంటుంది. సారె మీద తేల్చి, కింద తీగ లాగి కోసి, ఎత్తి ఆరబెట్టడమే. ఆ తర్వాత ఎవరూ అడుగును ముట్టుకోకూడదు.

అత్త మందాన్ని వేలి ఒత్తిడితో కనిపెట్టేది. మేనకోడలికి అంత అనుభవం ఎక్కడిది? టైలరు దగ్గర పని చేసిన మనిషి కదా, ఆమె సూదిని నమ్ముకుంది. పొడుగాటి సూదికి సరిగ్గా చిటికెన వేలి మందాన ఎర్రదారం ముడి వేసుకుంది. బేసిను లోపల నడిమధ్యన సూది దించుతుంది. చెక్క తగిలేసరికి మట్టి దారందాకా వస్తే సరి. సూదిపోటు మీద వేలితో ఒకసారి నిమిరితే మూసుకుపోతుంది. ఇందులో తప్పేముంది? అత్త మాత్రం ఆ సూదిని చూసినప్పుడల్లా మూతి తిప్పుతుంది. "బొత్తాలు కుడుతున్నావా, బేసిన్లు చేస్తున్నావా?" అంటుంది.

ఉన్నమాట కుండ బద్దలు కొట్టినట్టు చెప్పడం అత్త అలవాటు. ఆ రోజు నిజంగానే బద్దలు కొట్టి మరీ చెప్పింది. పగిలిన బేసిన్లలో ఒకదాన్ని తీసుకుని గడప రాయి మీద ఠపీమని వేసింది. అడుగు ముక్క ఒకటి ఏరి, దాని పక్కన తన చిటికెన వేలు పెట్టి అందరికీ చూపించింది. ముక్క వేలిలో సగం కూడా లేదు.

"ఇదేనా చిటికెన వేలు? ఎవరి వేలు ఇది, పసిపిల్లదా?"

"నేను సరిగ్గానే వదిలాను అత్తా. ప్రతిదానికీ సూది దించి చూశాను."

"సరిగ్గా వదిలితే సగం ఎక్కడికి పోయింది? ఆవంలో ఎవరన్నా కొరుక్కు తిన్నారా?"

"కాలితే మట్టి కుంచించుకుపోతుంది కదా."

"కుంచించుకుపోతే ఇంతనా? నాకు చెప్తున్నావా కుంచించుకుపోవడం గురించి?" అత్త ముక్కను పక్కన పారేసింది. "తొందరపడ్డావు. గోడలు ఎత్తడానికి మట్టి చాలక అడుగులోంచి లాగావు. కొత్తలో ఎవరైనా చేసే పనే. చేస్తే చేశావు, ఒప్పుకో. తక్కువ వదిలాను, ఇక వదలను అని ఒక్క మాట అను. సారె నీదే. లేదంటే రేపు కొత్త మట్టి దిగేసరికి నువ్వు పిడుల బల్ల దగ్గర కూర్చుంటావు. తప్పు చేసినదాన్ని భరిస్తాను గానీ అబద్ధమాడేదాన్ని నా సారె మీద కూర్చోబెట్టను."

అబద్ధమాడేది. ఆ మాట మేనకోడలికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. పగిలిన బేసిన్లకు ఆమె ఏడవలేదు. ఈ మాటకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని చూసి తన మీద తనకే కోపం వచ్చింది.

"చెయ్యని తప్పు చేశానని చెప్పను," అంది.

"అయితే పిడులు అతికించుకో," అంది అత్త.

అత్త లోపలికి వెళ్ళాక అల్లుడు మోటారు ఆపి, చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. మంచివాడే. కాకపోతే ఎవరికైనా ఇబ్బంది వస్తే దాన్ని ఎదుర్కొనే దారి కాదు, పక్కనుంచి జారుకునే దారి చెప్తాడు.

"ఎందుకమ్మా ఈ పంతం? తక్కువ వదిలానని అనెయ్. రేపటినుంచి ఇంకాస్త మట్టి ఎక్కువ వదిలెయ్. పగలవు. అత్తయ్యా సంతోషిస్తుంది, నువ్వూ సారె మీదే ఉంటావు. మాటేగా, అనేస్తే పోలా?"

"అంటే ఇన్నాళ్ళూ నేను దొంగపని చేశానని ఒప్పుకున్నట్టేగా అన్నయ్యా?"

"ఒప్పుకుంటే ఏం పోయింది?"

"మీకేం పోదు. నా మాట పోతుంది," అంది మేనకోడలు.

అల్లుడు తల గోక్కున్నాడు. ఇలాంటి మనుషులతో ఆయనకు చిక్కు. మళ్ళీ వెళ్ళి మోటారు వేసుకున్నాడు.

ఆ షెడ్డులో ఇంకో పద్ధతి ఉంది, అత్త పెట్టిందే. ఎవరి సరుకు పగిలితే వాళ్ళే మోసుకెళ్ళి వీధి వైపు గోడ మీద బోర్లించాలి. మళ్ళీ ఆవం వేసేదాకా అడుగులు ఆకాశం వైపు పెట్టి అవి అక్కడే ఉంటాయి. వచ్చేపోయే వాళ్ళంతా చూస్తారు. సిగ్గుపడితే జాగ్రత్త వస్తుందని అత్త నమ్మకం. మేనకోడలికి మాత్రం సిగ్గు రాలేదు, మంట వచ్చింది. బేసిన్లను వరసగా, ఒకదానికొకటి ఆనించి, పగుళ్ళు బాగా కనపడేలా మరీ పేర్చింది. చూస్తే చూడండి అన్నట్టుంది ఆమె వాలకం.

సగం పనిలో వదిన వచ్చి ఒక చెయ్యి వేసింది. ఎప్పుడూ రాని మనిషి. ఒక బేసిను గోడ మీద బోర్లించి, పగులు మీద వేలితో మెల్లగా రాసింది.

"నావీ ఇక్కడే పోయేవి," అంది.

"నీవా? నువ్వు సారె మీద కూర్చున్నావా వదినా?"

"పెళ్ళికి ముందు, ఒక చలికాలం. అమ్మ చెయ్యి నాకు రాలేదు. ఇలాగే, నడిమధ్యన, వంకరగా." వదిన ఆ మాటలు ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది. "నేనూ మొదట నీలాగే ఎదురు తిరిగాను. తర్వాత ఎందుకొచ్చిన గొడవని ఒప్పుకున్నాను. తక్కువే వదిలానమ్మా అన్నాను. ఏమైంది, మళ్ళీ కూర్చోబెట్టింది, మళ్ళీ పగిలాయి. ఇది బాగుపడదు అనుకుంది అమ్మ. నేనూ అదే అనుకున్నాను."

"నువ్వు నిజంగా తక్కువ వదిలావా?"

వదిన పగులు మీంచి వేలు తీసింది. "ఏమో. అప్పుడు వదల్లేదనే అనుకున్నాను. తర్వాత తర్వాత, వదిలే ఉంటాననిపించింది. లేకపోతే ఎందుకు పగులుతాయి?" అని చేతులు దులుపుకుని పిడుల బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

మేనకోడలు గోడ దగ్గరే నిలబడిపోయింది. ఇద్దరు వేరు వేరు మనుషులు. సారె మీద ఒకరినొకరు చూసినవాళ్ళు కూడా కాదు. ఇద్దరికీ ఒకే చోట, ఒకే రకం పగులు. ఇద్దరూ ఒకేలా తొందరపడ్డారా? ఒకేలా అబద్ధమాడారా? మట్టి అందరిదీ ఒకటే, మంటా ఒకటే, అయినా అల్లుడి సరుకు పగలడం లేదు. ఇద్దరికీ ఉన్నది, అల్లుడికి లేనిది ఒక్కటే. ఆ కిటికీ కింది సారె.

మర్నాడు ఉదయం, మట్టి లారీ ఇంకా రాకముందే, ఆమె పాత సారె ముందు కూర్చుంది. అత్త చెప్పింది పిడుల బల్ల గురించి, అది మట్టి దిగాక కదా, ఇప్పుడెవరు ఆపుతారు? ముద్దను చెక్క మీద కొట్టింది, కాలితో తన్నింది, నడిమికి తెచ్చింది, తెరిచింది, అడుగును అరచేతి పక్కతో చదును చేసింది. సూది దించింది. దారం ముడి సరిగ్గా మట్టి మీద ఆగింది. చిటికెన వేలు, వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు. గోడలు ఎత్తి, తీగ లాగి, బేసిన్ను పలక మీదికి ఎత్తింది.

బేసిను ఎత్తాక చెక్క మీద కాస్త మట్టి మిగులుతుంది. ఎప్పుడూ మిగులుతుంది. ఎవరి సారె మీదైనా పల్చటి పూతలా ఉంటుంది, గీకి బక్కెట్లో పడేస్తారు. ఆమె కూడా ఇన్నాళ్ళూ అదే చేసింది. ఆ రోజు గీకలేదు. ఆ మిగిలిన మట్టిలో, నడిమధ్యన, సూది దించింది. సూది దిగింది. దారానికి సగం దాకా దిగి, అప్పుడు చెక్క తగిలింది. అంచు దగ్గర దించింది. ముట్టుకోగానే చెక్క.

ఆమె మట్టంతా గీకి, చెక్కను నీళ్ళతో కడిగి, పక్కనున్న తిన్నని బద్దను తెచ్చి దాని మీద అడ్డంగా పెట్టింది. అంచుల దగ్గర బద్ద ఆనింది. మధ్యలో ఆనలేదు. కిటికీలోంచి వచ్చే వెలుతురు బద్ద కిందనుంచి అవతలికి పోతోంది. చెక్క మధ్యలో అరిగి పల్లమైపోయింది. చూపుకు తెలియదు, చేత్తో రాసినా తెలియదు, అంత నున్నగా, అంత మెల్లగా వంగి ఉంది.

అయితే తీగ అంచు నుంచి అంచుకు తిన్నగా పోతుంది. పల్లంలోకి దిగదు. పల్లంలో ఉన్న మట్టి చెక్కకే అంటుకుని ఉండిపోతుంది. సూది దాన్ని కూడా కలిపి కొలుస్తోంది. అంటే ఆమె చిటికెన వేలంత వదిలితే, బేసినుతో పాటు పైకి లేచేది దానిలో సగమే.

"అత్తా!" అని కేక పెట్టింది. ఆ కేకకు అల్లుడు మోటారు ఆపేశాడు, ఆవం బాబాయి బూడిద చేతులతో గుమ్మం దగ్గరికొచ్చాడు.

అత్త వచ్చింది. మేనకోడలు చెప్పేదంతా విన్నది. విని, బద్ద వైపు కనీసం వంగి చూడలేదు.

"నీకు పని రాక సారెకి వంక పెడుతున్నావా? బాగుంది. రేపు సూర్యుడికి పెడతావు."

"వంగి చూడు అత్తా. నీ కళ్ళతో చూడు."

"నేనెందుకు చూడాలి? దీని మీద నేను జీవితమంతా చేశాను. దీనికి లోపముంటే నావి ఎందుకు పగల్లేదు? నేనూ చిటికెన వేలే వదిలాను. నావి పగిలినవి ఒక్కటి చూపించు. ఒక్కటంటే ఒక్కటి."

మేనకోడలు బద్దను పక్కన పెట్టింది. అత్త బేసిన్లు ఇంటింటా ఉన్నాయి, పగలకుండా. అత్త అబద్ధమాడే మనిషీ కాదు. తనూ అబద్ధమాడటం లేదు. ఇద్దరూ నిజమే చెబుతుంటే మరి మధ్యలో మాయ చేస్తున్నదేంటి? తెలుసుకోవాలంటే ఒకటే దారి. ఆ దారి అత్తకు ఒళ్ళుమండే దారి. అయినా తాడో పేడో తేల్చుకోవలసిందే అనుకుంది.

"అయితే నువ్వొకటి చెయ్యి. నా ముందు, ఈ సారె మీద, చిటికెన వేలు అడుగుతో."

"డాక్టరు వద్దన్నాడు కదమ్మా," అన్నాడు అల్లుడు, గొడవ పక్కకు మళ్ళించబోయి.

"డాక్టరు వద్దన్నాడా, లేక చేతకాదా?" అంది మేనకోడలు.

ఆవం బాబాయి నాలుక కరుచుకున్నాడు. వదిన చేతిలో పిడి అలాగే ఉండిపోయింది. ఆ షెడ్డులో అత్తను ఆ మాట అన్నవాళ్ళు అంతవరకూ లేరు. అత్త మణికట్టు కట్లు పళ్ళతో లాగి విప్పి, ఒక మూలకు విసిరి, "లెగు అక్కణ్ణించి," అంది.

చూడాలి ఆవిడను సారె మీద. వాచిన మణికట్లు, నొప్పికి బిగిసిన దవడ, అయినా ముద్ద ఆవిడ చేతుల కింద కిక్కురుమనలేదు. రెండు తన్నులకు నడిమికొచ్చింది. పిడికిలి పక్కతో తెరిచింది, అడుగును ఒక్క ఒత్తు ఒత్తింది, గోడలు తేలిగ్గా పైకొచ్చాయి. మేనకోడలికి ఆవిడ మీదున్న కోపం ఎక్కడికో పోయి, కడుపు నిండా ఈర్ష్య మిగిలింది. ఇలా చెయ్యాలనే కదా తను బొత్తాలు వదిలేసి వచ్చింది.

"ఇదిగో, చిటికెన వేలు," అంది అత్త, రొప్పుతూ. "పొడుచుకో నీ సూది."

మేనకోడలు బేసిను నడిమధ్యన సూది దించింది. దారం ముడి మట్టిని తాకింది. సూది ఆగలేదు. ముడి మట్టిలోకి మునిగిపోయింది, ఇంకా దిగింది, ఆ తర్వాత గానీ చెక్క తగల్లేదు. వేలున్నర.

"చిటికెన వేలు కాదత్తా ఇది."

"నీ సూది తప్పు," అంది అత్త. కానీ ఆ గొంతులో ముందున్న ధాటి లేదు.

"సరే, సూది వద్దు." మేనకోడలు తీగ లాగి, బేసిన్ను పలక మీదికి ఎత్తింది. ఎత్తి, అదే తీగను రెండు చేతుల మధ్య బిగించి, బేసిన్ను నిలువునా రెండు ముక్కలుగా కోసేసింది.

ఆవం బాబాయి "అయ్యో!" అన్నాడు పైకే. అత్త చేసిన బేసిన్ను అత్త ఎదురుగా కొయ్యడమంటే ఆవిడ చేతిని కోసినట్టే ఆ షెడ్డులో. అత్త ముఖం జేవురించింది. నోరు తెరిచింది గానీ, ముందు కళ్ళు కోసిన అడుగు మీద పడ్డాయి. వంగి, దాని పక్కన తన చిటికెన వేలు పెట్టింది. వేలు, అడుగు, రెండూ సమానం. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా.

"చూశారా?" అంది అత్త, షెడ్డంతా వినబడేలా. "చిటికెన వేలు! నేను చెప్పలా?"

"చెప్పావు. నిజమే చెప్పావు," అంది మేనకోడలు. "మరి సూది వేలున్నర దిగింది. మిగతా సగం వేలు మట్టి ఎక్కడుంది అత్తా? ఎవరన్నా కొరుక్కు తిన్నారా?"

అత్త మెల్లగా సారె వైపు తిరిగింది. చెక్క మీద గుండ్రంగా మిగిలిన మట్టి ఉంది, ఎప్పుడూ ఉండేదే. ఆవిడ దాన్ని బొటనవేలితో నడిమధ్యన నొక్కింది. వేలు దిగబడింది. గీకేసి, బద్దను తనే తీసుకుని అడ్డంగా పెట్టి, ఈసారి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

ఆ చెక్క కొత్తగా ఉన్నప్పుడు చిటికెన వేలంటే చిటికెన వేలే. మట్టీ నీళ్ళూ రాసుకుని రాసుకుని, చెక్క ఏటికేడాది కొంచెం కొంచెం అరిగింది. అత్త చెయ్యి దాన్ని గమనించి, ఆవిడకు చెప్పకుండానే, అంతకంత ఎక్కువ వదులుతూ వచ్చింది. చెయ్యి నేర్చుకున్న సంగతి నోటికి అందలేదు. నోరు మాత్రం కొత్త చెక్క నాటి మాటే చెబుతూ పోయింది. ఆ మాట నమ్మినవాళ్ళ బేసిన్లు పగిలాయి.

"సర్లే," అంది అత్త చివరికి, నడుం నిటారుగా చేసుకుంటూ. "సారె నీది. వచ్చే ఆవానికి బేసిన్లన్నీ నువ్వే చెయ్యి. వడ్రంగిని పిలిపించి చెక్క చదును చేయిస్తాను."

"అది కాదత్తా నేనడిగింది."

"ఇంకేం కావాలి? సారె ఇచ్చానుగా."

"నిన్న నన్ను ఒక మాటన్నావు. అందరి ముందూ అన్నావు."

"అందరూ ఇప్పుడు చూశారుగా. మళ్ళీ నేను చెప్పేదేంటి?"

"నువ్వే చెప్పాలి," అంది మేనకోడలు. చేతులు కట్టుకుని నిలబడింది. కావాలంటే సారె కూడా వద్దు, ఆ మాట మాత్రం కావాలి. ఆ క్షణాన ఆమెకు లోకంలో ఇంకేదీ అక్కర్లేదు.

అత్తకు అలాంటి మాటలు గొంతు దాటవు. అటు చూసింది, ఇటు చూసింది, అల్లుడు ఏమన్నా జోకు వేసి గట్టెక్కిస్తాడేమోనని చూసింది. అల్లుడు నేల చూపులు చూస్తున్నాడు. మింగలేక కక్కలేక, అత్త గొంతు సవరించుకుంది.

"నువ్వు అబద్ధమాడలేదు," అంది.

మేనకోడలు కట్టుకున్న చేతులు విప్పింది. నవ్వబోయింది. అప్పుడే వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది.

"నేను కూడా ఆడలేదమ్మా."

వదిన పిడుల బల్ల దగ్గర లేచి నిలబడి ఉంది. చేతిలో ఉన్న తడి పిడి గుప్పిట్లో నలిగి, వేళ్ళ సందుల్లోంచి బయటికొస్తోంది.

"నువ్వా?" అంది అత్త. "నీ సంగతి వేరు. నువ్వే ఒప్పుకున్నావు కదే, తక్కువ వదిలానని."

"నువ్వు ఒప్పుకోమన్నావు. ఒప్పుకుంటే సారె మీద ఉంచుతానన్నావు. నాకు సారె కావాలి, అందుకని ఒప్పుకున్నాను." వదిన గొంతు పెంచలేదు. అయినా మాట మాటా స్పష్టంగా వినిపించింది. "చెప్పగా చెప్పగా నిజమేననుకున్నాను. నా చెయ్యే దొంగ చెయ్యి అనుకున్నాను. పిడి అతికించి, ఊడుతుందేమోనని మళ్ళీ మళ్ళీ లాగి చూసుకుంటాను. అన్నం వండితే మాడుతుందేమోనని దగ్గరే నిలబడతాను. నేనేదీ సరిగ్గా చెయ్యలేనని ఇన్నాళ్ళూ బతికానమ్మా. నేను సరిగ్గానే వదిలాను."

అల్లుడు భార్య వైపు చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఇన్ని మాటలు వరసగా మాట్లాడగా వినడం ఆయనకు అదే మొదటిసారి.

"నాకేం తెలుసు అప్పుడు?" అంది అత్త. ఆవిడ గొంతు సన్నగా, ముసలిగా వినిపించింది. "పగిలాయి. కళ్ళెదురుగా పగిలాయి. నేనేమనుకోవాలి?"

"నన్ను నమ్మి ఉండాల్సింది," అంది వదిన.

నలిగిన పిడిని బల్ల మీద పెట్టి, చేతులు తొట్టిలో ముంచి కడుక్కుని, వదిన పాత సారె దగ్గరికి వచ్చింది. ఎన్నడూ అటు చూడని మనిషి, దారిలో ఏ బక్కెట్టు ఎక్కడుందో చూడనవసరం లేకుండా నడిచి వచ్చింది. మేనకోడలు అప్పుడే గెలుచుకున్న పీట మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. అంత గొడవ పడి సంపాదించుకున్న చోటు. ఇవ్వాలని లేదు. నిజం చెప్పాలంటే అస్సలు లేదు.

"కాస్త జరుగు," అంది వదిన.

"ఒక్క ముద్దే వదినా. తర్వాత నాది," అంది మేనకోడలు, జరుగుతూ.

"చూద్దాం," అంది వదిన.

ముద్దను చెక్క మీద కొట్టింది. మొదటి దెబ్బ పక్కకు పోయింది. మళ్ళీ కొట్టింది. కాలితో తన్నింది. ముద్ద గంతులు వేసింది, చేతుల్ని అటూ ఇటూ తోసింది, మెడ మీదికి నీళ్ళు చిమ్మింది. వదిన పళ్ళు బిగించి, మోచేతులు తొడలకు ఆనించి, దాన్ని పట్టుకుంది. కాసేపటికి ముద్ద లొంగింది. పూర్తిగా కాదు, కొంచెం ఊగుతూనే ఉంది. ఆమె బొటనవేళ్ళు మధ్యలో దించి తెరవడం మొదలుపెట్టింది.

అత్త తనకు తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేసింది. కూతురి చేతుల మీద తన చెయ్యి వెయ్యబోయింది. అలా పట్టుకోకూడదు, ఇలా పట్టుకోవాలి అని ఆవిడ వేళ్ళు గాల్లోనే చూపిస్తున్నాయి.

"చెయ్యి తియ్యమ్మా," అంది వదిన.

అత్త తీసింది. వాచిన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని, పక్కన నిలబడి చూసింది. ఆవం బాబాయి, అల్లుడు, మేనకోడలు కూడా చూస్తున్నారు. బేసిను నడుము వంకరగా లేస్తోంది, అయినా లేస్తోంది. వదిన వేళ్ళు లోపల అడుగును నొక్కుతున్నాయి. అత్త ఎంత ఆపుకుందామన్నా నోరు ఆగలేదు.

"అడుగు ఎంత వదులుతున్నావే?"

వదిన తల ఎత్తలేదు. సారెను ఇంకో తన్ను తన్నింది.

"నా ఇష్టమొచ్చినంత," అంది.